చెప్పుకోలేని బిడ్డ ఆసుపత్రికి వచ్చినప్పుడు

ఇంట్లో బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డనో, తమ్ముడినో, చెల్లెలినో చూసుకుంటున్న కుటుంబ సభ్యులారా, ఈ పాఠం మీ కోసం.

మామూలు రోగి ఆసుపత్రికి వస్తే డాక్టరు గారు "ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి?" అని అడుగుతారు. రోగి చెబుతాడు. సగం వైద్యం ఆ జవాబులోనే ఉంటుంది. మీ బిడ్డ ఆ జవాబు చెప్పలేడు. పాతికేళ్ళు దాటినా సరే, కడుపులో నొప్పి వస్తే తల గోడకు కొట్టుకోవచ్చు. పన్ను నొప్పి వస్తే అన్నం పళ్ళెం విసిరేయవచ్చు. ఆ భాష అర్థమయ్యేది ఇంట్లో ఒకరికో ఇద్దరికో మాత్రమే. చాలా ఇళ్ళలో అమ్మ ఒక్కరికే.

ఆ భాషను డాక్టరుకు, నర్సుకు, రేపు మీ బదులు బిడ్డను చూసుకునే మనిషికి ఎలా అందించాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

బుద్ధిమాంద్యం అంటే ఏమిటి?

పుట్టుకతోనో చిన్నతనంలోనో మెదడు ఎదుగుదల దెబ్బతినడం వల్ల నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, తన పనులు తాను చేసుకోవడం వయసుకు తగినట్లు రాకపోవడాన్ని బుద్ధిమాంద్యం అంటారు. ఇప్పుడు దీనిని మేధో వైకల్యం అంటున్నారు. ఇది పిచ్చి కాదు. అంటువ్యాధి కాదు. తల్లి చేసిన తప్పు గానీ, ఎవరో చేసిన పాపఫలం గానీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో సుమారు 15 లక్షల మందికి ఈ వైకల్యం ఉంది.

బుద్ధిమాంద్యం జబ్బు కాకపోయినా, దానితో పాటు కొన్ని జబ్బులు ఎక్కువగా వస్తాయి. వీరిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మూర్ఛ, అంటే ఫిట్స్, ఉంటుంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. థైరాయిడ్ సమస్య కూడా ఎక్కువే. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో చాలామందికి మింగడం కష్టం. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మలబద్ధకం సాధారణం. కాబట్టి వీరు ఇతరుల కన్నా ఎక్కువగా ఆసుపత్రికి రావలసి ఉంటుంది. కానీ చెప్పుకోలేరు కనుక చాలాసార్లు ఆలస్యంగా వస్తారు.

"వాడు ఎప్పుడూ గంతే" అనే ప్రమాదం

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇరవై ఏళ్ళ అబ్బాయి రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. అరుస్తున్నాడు, చెయ్యి కొరుక్కుంటున్నాడు. ఇంట్లో పెద్దలు "వాడు ఎప్పుడూ గంతే, మొండికేసిండు" అన్నారు. ఆసుపత్రిలో చూసినవారు "బుద్ధిమాంద్యం కదా, ప్రవర్తన అలాగే ఉంటుంది" అని నిద్రమాత్ర రాశారు. మూడో రోజు జ్వరం పెరిగి, కడుపు రాయిలా గట్టిపడింది. అది అపెండిసైటిస్. అది పగిలి చీము కడుపంతా పాకింది.

ఇక్కడ తప్పు ఎక్కడ జరిగింది? కనిపించిన ప్రతి మార్పునూ వైకల్యం ఖాతాలో వేయడంలో జరిగింది. వైకల్యం అనే నీడలో అసలు జబ్బు కనబడకుండా పోయింది. ఈ పొరపాటు ఇంట్లోనూ జరుగుతుంది, ఆసుపత్రిలోనూ జరుగుతుంది.

బ్రిటన్ దేశంలో ఈ విషయాన్ని లోతుగా విచారించారు. అక్కడ మెన్‌క్యాప్ అనే సంస్థ 2007లో ఒక నివేదిక ప్రచురించింది. అందులో డౌన్ సిండ్రోమ్ ఉన్న 43 ఏళ్ళ వ్యక్తి కథ ఉంది. పక్షవాతం వచ్చి మింగలేని స్థితిలో ఆసుపత్రిలో చేరిన ఆయనకు 26 రోజుల పాటు ఆహారం అందలేదు. ఆయన చనిపోయారు. అంత పెద్ద ఆసుపత్రిలో, అందరూ ఉండగానే ఇది జరిగింది. తర్వాత 2013లో అక్కడే 247 మరణాలను పరిశీలించిన అధ్యయనం వెలువడింది. బుద్ధిమాంద్యం ఉన్న పురుషులు మిగతావారి కన్నా సగటున 13 ఏళ్ళు ముందుగా, స్త్రీలు 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారని అందులో తేలింది. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, ఇంటివారి మాట వినకపోవడం దీనికి ముఖ్య కారణాల్లో కొన్ని.

డబ్బు, యంత్రాలు ఉన్న దేశంలోనే ఇలా జరిగిందంటే, రద్దీగా ఉండే మన ఓపీల్లో మీరు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. ఆసుపత్రిలో మీరు పలకవలసిన అతి ముఖ్యమైన వాక్యం ఇది: "ఇది మా వాడి అలవాటు కాదు సార్, ఇది కొత్తగా వచ్చింది."

నొప్పిని ఎలా గుర్తించాలి?

కొత్తగా వచ్చిన ఈ మార్పులను గమనించండి:

* ఇష్టమైన తిండిని కూడా వద్దనడం, ఒక పక్కనే నమలడం
* చెవి, దవడ, పొట్ట, తల వంటి ఒకే చోట పదే పదే కొట్టుకోవడం లేదా పట్టుకోవడం
* రాత్రి నిద్ర పోకపోవడం లేదా పగలంతా మత్తుగా ఉండడం
* నడిచే మనిషి నడవనని కూర్చోవడం, కుంటడం
* మూత్రం చెప్పే మనిషి మళ్ళీ బట్టల్లో పోయడం
* ఎప్పుడూ గోల చేసే మనిషి ఒక్కసారిగా నిశ్శబ్దం కావడం

చివరిది ముఖ్యం. అరుపులు పెరిగితే అందరూ గమనిస్తారు. నిశ్శబ్దాన్ని "ఇయ్యాళ మంచిగున్నడు" అనుకుంటారు. అది తీవ్రమైన జబ్బు కావచ్చు.

ఊపిరి కష్టంగా తీయడం, పెదవులు నీలంగా మారడం, పిలిచినా పలకకపోవడం, ఫిట్స్ 5 నిమిషాలకు మించి ఉండడం, తెలివి రాకుండానే మళ్ళీ ఫిట్స్ రావడం ప్రాణాపాయ సూచనలు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి, ఇనుము పెట్టినందువల్ల అవి ఆగవు. నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి.

ఒక్క కాగితం: పరిచయ పత్రం

బ్రిటన్‌లో ఇలాంటి రోగులు ఆసుపత్రికి వచ్చేటప్పుడు తమ గురించి రాసిన ఒక పత్రాన్ని వెంట తెచ్చుకుంటారు. దానిని "హాస్పిటల్ పాస్‌పోర్ట్" అంటారు. దీనికి పైసా ఖర్చు లేదు. మనం కూడా రాసుకోవచ్చు. మీకు రాయడం రాకపోతే బడికి వెళ్ళే పిల్లల చేత గానీ, ఆశా కార్యకర్త చేత గానీ రాయించండి. తెలుగులోనే రాయండి. మందుల పేర్లు మాత్రం మందుల చీటీ చూసి అలాగే దించండి. ఇలా ఉండవచ్చు:

"మా అబ్బాయికి 24 ఏళ్ళు. పుట్టుకతో బుద్ధిమాంద్యం, ఫిట్స్ ఉన్నాయి. ఫిట్స్ మాత్ర ఉదయం 8కి, రాత్రి 8కి ఇస్తాం. ఒక్క పూట కూడా తప్పకూడదు. ఒక ఇంజెక్షన్ పడక ఒళ్ళంతా దద్దు లేచింది, దాని పేరు చీటీలో ఉంది. మాటలు పది వరకు వస్తాయి. 'బూ' అంటే నీళ్ళు. నొప్పి ఉంటే కుడి చెయ్యి కొరుక్కుంటాడు. అన్నం మెత్తగా కలిపి, కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టాలి. నీళ్ళు గ్లాసుతో తాగితే పొలమారుతుంది, చెంచాతో పట్టాలి. వెనుక నుంచి ముట్టుకుంటే భయపడి కొడతాడు. ముందుకు వచ్చి పేరు పెట్టి పిలిస్తే ఊరుకుంటాడు. సెల్‌ఫోన్లో పాట పెడితే సూది వేయించుకుంటాడు."

చూశారా? ఇంత చిన్న కాగితంలో మందు, అలర్జీ, మాట, నొప్పి, తిండి, భయం, ఓదార్పు అన్నీ వచ్చాయి. దీనికి ఇద్దరి ఫోన్ నంబర్లు, బరువు, రక్తం గ్రూపు చేర్చండి. మూడు ప్రతులు తీయండి. ఒకటి ఆసుపత్రి ఫైలులో, ఒకటి బీరువాలో, ఒకటి మీ సంచిలో ఉంచండి. మందు మారిన ప్రతిసారీ తిరగరాయండి.

ఆసుపత్రిలో పాటించవలసినవి

ఓపీలో: రద్దీకి, కేకలకు మీ బిడ్డ బెదిరితే చీటీ రాసే దగ్గరే చెప్పి ముందుగా చూడమని అడగండి. ఇది దయ కోసం అడుక్కోవడం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం చూడడంలోనూ చికిత్సలోనూ వీరికి ప్రాధాన్యం ఇవ్వాలి. వైకల్య ధ్రువపత్రం జిరాక్సు చేతిలో ఉంచుకోండి.

పరీక్షల ముందు: "ఏం కాదు, సూది వేయరు" అని అబద్ధం చెప్పవద్దు. ఒకసారి మోసపోయిన బిడ్డ రెండోసారి గేటు కూడా దాటడు. చిన్న మాటల్లో నిజం చెప్పండి. సిస్టరమ్మను అడిగి, ముందుగా మీ చేతికి బీపీ పట్టీ కట్టించుకుని చూపించండి.

వార్డులో చేరినప్పుడు: తెలిసిన మనిషి ఒకరు ఎల్లప్పుడూ పక్కన ఉండేలా చూడండి. ఇంటి దుప్పటి, ఇష్టమైన బొమ్మ లేదా గ్లాసు తెచ్చుకోండి. రోజూ ఎంత తిన్నాడు, ఎంత తాగాడు, విరేచనం అయిందా అన్నది రాసి పెట్టండి. పూర్తిగా ఒక పూట తినకపోతే నర్సుకు చెప్పండి. రెండు పూటలైతే డాక్టరుకే చెప్పండి. పడుకోబెట్టి ఎప్పుడూ తినిపించవద్దు. తిన్న తర్వాత అరగంట కూర్చోబెట్టే ఉంచండి. కదలలేని వారిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే పుండ్లు పడతాయి.

ఆపరేషన్ ఉంటే: "ఏమీ తినవద్దు, తాగవద్దు" అన్నప్పుడు ఫిట్స్ మాత్ర సంగతి తప్పక అడగండి. మీరే నిర్ణయించి మాత్ర మానవద్దు. డౌన్ సిండ్రోమ్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే గుర్తు చేయండి. కొందరిలో మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వారు మెడను జాగ్రత్తగా పట్టుకోవాలి.

కట్టివేయడం గురించి: సెలైన్ పీకేస్తున్నాడని మంచానికి చేతులు కట్టేయవద్దు. ముందుగా నొప్పి ఉందా, మూత్రం వస్తోందా, భయపడ్డాడా అని చూడమనండి. సెలైన్ గొట్టం మీద కట్టు చుట్టి, అది కంటికి కనబడకుండా చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు: కొత్త మందు ఏమిటి, పాతది ఏది ఆపాలి, ఏ లక్షణం కనిపిస్తే తిరిగి రావాలి అన్నది రాయించుకోండి. మళ్ళీ మీ నోటితో చెప్పి సరిచూసుకోండి.

ఇప్పుడు మీ సంగతి

ఇంతవరకు బిడ్డ గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఈ పాఠం చదువుతున్న మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాం. మీరు చివరిసారి రాత్రంతా నిద్రపోయింది ఎప్పుడు? చుట్టాల పెళ్ళికి వెళ్ళి తీరిగ్గా భోజనం చేసింది ఎప్పుడు? ఊరిలో అందరితో కలిసి బతుకమ్మ ఆడి ఎన్నేళ్ళయింది?

ఎదిగిన కొడుకును రోజూ ఎత్తి స్నానం చేయించే తల్లికి నడుము పోతుంది. తన బీపీ మాత్రలు తాను మరచిపోతుంది. ఒకరోజు ఆమే పడిపోతుంది. అప్పుడు ఆమెను ఆసుపత్రిలో చేర్చాలన్నా "వాడిని ఎవరు చూస్తారు?" అని చేరదు. చాలా ఇళ్ళలో బిడ్డ జబ్బు కన్నా పెద్ద ప్రమాదం ఇదే.

అందుకే చూసుకునేవారికి అప్పుడప్పుడు విశ్రాంతి కలిగేలా, కొన్ని గంటలో కొన్ని రోజులో మరొకరు ఆ బాధ్యత తీసుకోవాలి. దీనిని రెస్పైట్ కేర్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే విశ్రాంతి సంరక్షణ. ఇది బిడ్డను వదిలించుకోవడం కాదు. బావిలో నీరు ఊరడానికి కాస్త సమయం ఇచ్చినట్లే ఇదీ. బిడ్డకు కూడా మేలే. అమ్మ చేతితో తప్ప తినని బిడ్డ, అమ్మ లేని రోజున ఆకలితో ఉండిపోతాడు. ఇంకొకరి చేతితో తినడం ఇప్పుడే అలవాటైతే ఆ రోజు బతుకుతాడు.

ఇంటి నుంచే మొదలుపెట్టండి

ఇందుకోసం ఏర్పాటైన కేంద్రాలు కొద్ది. ప్రతి జిల్లాలోనూ ఉండవు. కాబట్టి మొదటి విశ్రాంతి ఇంటి చుట్టూనే దొరకాలి. మేనత్త, చిన్నమ్మ, పక్కింటి అవ్వ, ఇలా ఒక మనిషిని ఎంచుకోండి.

1. మొదటి వారం: ఆమె వచ్చి మీరు చేసేదంతా చూస్తారు. పరిచయ పత్రం చదివి వినిపించండి.
2. రెండో వారం: ఆమె తినిపిస్తారు, మీరు పక్కన కూర్చుంటారు.
3. మూడో వారం: మీరు ఒక గంట బయటికి వెళ్ళండి. "మళ్ళీ వస్తా" అని బిడ్డకు చెప్పే వెళ్ళండి.
4. నాలుగో వారం: సగం రోజు. ఆ తర్వాత ఒక రాత్రి.

ఆసుపత్రి కోసం రాసిన కాగితమే ఇక్కడా పనికి వచ్చిందని గమనించారా? మీకు తెలిసింది మీ తలలోనే ఉంటే మీకు సెలవు లేదు. కాగితం మీదకు వస్తే ఇంకొకరు ఆ పని చేయగలరు.

ఎవరికి పడితే వారికి అప్పగించవద్దు. చెప్పుకోలేని బిడ్డ మీద జరిగే అన్యాయం బయటికి రాదు. తిరిగి వచ్చాక ఒంటి మీద గాయాలు ఉన్నా, ఆ మనిషిని చూసి బిడ్డ వణికినా, ముట్టుకోనివ్వకపోయినా దానిని తేలికగా తీసుకోవద్దు. మగపిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 18 ఏళ్ళలోపు పిల్లలైతే 1098కి ఫోన్ చేయవచ్చు.

మీ బిడ్డ మండలంలోని భవిత కేంద్రానికి వెళుతుంటే అక్కడ మీలాంటి తల్లులు కలుస్తారు. ఇద్దరు తల్లులు మాట్లాడుకుని, ఒక శనివారం ఒకరు, మరో శనివారం ఇంకొకరు ఇద్దరు పిల్లలనూ చూసుకుంటే నెలకు రెండు రోజులు ఇద్దరికీ దొరుకుతాయి.

బయటి నుంచి దొరికే సహాయం

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. చాలామంది దానిని ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే పిలుస్తారు. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. సిద్దిపేట నుంచి జూబ్లీ బస్టాండుకు వెళితే అక్కడి నుంచి దగ్గరే. బిడ్డను పరీక్షించి, ఇంట్లో ఏమి నేర్పాలో తల్లిదండ్రులకు నేర్పిస్తారు. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని రోజులు అక్కడే ఉండి నేర్చుకునేందుకు వసతి గృహాలు కూడా ఏర్పాటు చేశారు. వెళ్ళేముందు ఫోన్ చేసి వివరాలు కనుక్కోండి.

1999 నాటి చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం పనిచేస్తుంది. దాని "నిరామయ" పథకంలో సంవత్సరానికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. చేరడానికి ముందు వైద్య పరీక్షలు అక్కర లేదు. "సమర్థ్" పథకం విశ్రాంతి సంరక్షణ కోసం పెట్టినదే. నమోదైన సంస్థల ద్వారానే ఇవి అందుతాయి. మీకు దగ్గరి సంస్థ ఏదో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడగండి.

బిడ్డకు 18 ఏళ్ళు నిండితే, తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో తమంతట తాము సంరక్షకులు కారు. కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షక పత్రం తీసుకోవచ్చు. బ్యాంకు, ఆస్తి వ్యవహారాల్లో అది అవసరం పడుతుంది. ప్రాణాపాయ చికిత్సకు మాత్రం ఈ పత్రం కోసం ఆగవలసిన పని లేదు.

తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో 4,016 రూపాయలకు పెంచారు. అదే ఏడాది డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలు చేశారు. వైకల్య ధ్రువపత్రం లేనివారు ముందుగా దానికి దరఖాస్తు చేయండి. మిగతా తలుపులన్నీ దానితోనే తెరుచుకుంటాయి.

మనసు బరువెక్కి, "నేనూ వీడూ ఇద్దరం పోతే బాగుండు" అనిపించిన రాత్రులు ఉంటే సిగ్గుపడకండి. అలసిన మనసుకు అలాంటి ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన వచ్చిన రాత్రే ఒక మనిషికి చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆసుపత్రిలో ఉన్నప్పుడైతే వార్డు సిస్టరుకు చెప్పండి.

గుర్తుంచుకోండి

* కొత్త మార్పు ఏదైనా ముందు జబ్బుగా అనుమానించాలి, తర్వాతే అలవాటుగా అనుకోవాలి.
* పరిచయ పత్రం బిడ్డకు నోరు, మీకు సెలవు చీటీ.
* ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా ఆగకూడదు.
* మీ ఆరోగ్యం కూడా బిడ్డ వైద్యంలో భాగమే.

ఇంటి పని

1. మీ బిడ్డకు నొప్పి వచ్చినప్పుడు చేసే మూడు పనులు ఏమిటి? ఇంట్లో అందరినీ విడివిడిగా అడగండి. ఒక్కరికే తెలిస్తే, మిగతావారికి ఈ రోజే చెప్పండి.
2. రేపు మీరు జ్వరంతో పడుకుంటే బిడ్డకు ఎవరు తినిపిస్తారు? ఆ మనిషి పేరు ఒక కాగితం మీద రాయండి.
3. పేరు రాయలేకపోతే, ఈ వారం ఎవరిని అడగాలో రాయండి.

ఈ పుస్తకం ముగించే ముందు ఆ కాగితం తీసుకోండి. పైన మీ బిడ్డ పేరు రాసి, మొదటి వాక్యం మొదలుపెట్టండి.